మంచు పడకముందే జారింది

మా ఆదోనిలో చలికాలం అంటే పెద్ద కథేం ఉండదు. డిసెంబరులో ఓ ఇరవై రోజులు పొద్దున్నే మఫ్లర్లు కట్టుకుంటారు. కొబ్బరినూనె సీసాలో గడ్డకడుతుంది, దాన్ని తీసుకెళ్ళి పిట్టగోడ మీద ఎండలో పెడతారు. సంక్రాంతి దాటేసరికి ఆ ముచ్చట కూడా అయిపోతుంది. ఇక మిగిలిన సంవత్సరమంతా రెండే కాలాలు... ఎండాకాలం, ఇంకా ఎక్కువ ఎండాకాలం :) మే నెలలో 40 డిగ్రీలు దాటిందంటే ఎవరూ వింతగా కూడా చెప్పుకోరు.

అలాంటి ఊరి నుంచి వచ్చినవాడు డెట్రాయిట్ లో దిగి, స్పోర్ట్స్ కారు కొని, నవంబరు నెల పొద్దున పూట సమ్మర్ టైర్లతో హైవే ఎక్కితే ఏమవుతుందో చెప్పడానికే ఈ సోదంతా. ఆ వచ్చినవాడు నేనే అని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

ముందే ఒక మాట. "మంచులో కారు జాగ్రత్తగా నడపండి" అని నీతిబోధ చెయ్యబోవటం లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు. నేను చెప్పేది చలి గురించి. రోడ్డు పొడిగా ఉంది, ఎండ కాస్తోంది, ఎక్కడా ఒక్క మంచు రేకు లేదు. అప్పుడు జారింది నా కారు. నా అభిప్రాయం ఒక్క ముక్కలో చెప్పాలంటే, చలి ప్రాంతాల్లో ఉంటున్న మనవాళ్ళం కారు మీద పెట్టే శ్రద్ధలో పదో వంతు కూడా టైరు మీద పెట్టటం లేదు. ముందొచ్చినవాళ్ళం వెనకొచ్చినవాళ్ళకి ఆ సంగతి చెప్పటమూ లేదు. రెండూ తప్పే. రెండో తప్పు ఇంకొంచెం పెద్దది.

ఇంతకీ కారు సంగతి. నేను చదివింది బీటెక్ మెకానికల్, చేసేది సాఫ్టువేర్. మనలో చాలామంది కథ ఇదే కదా. బెంగుళూరులో మూడేళ్ళు కీబోర్డు అరగదీశాక మిచిగన్ వచ్చి పడ్డాను. డెట్రాయిట్ చుట్టుపక్కల నోవై, ఫార్మింగ్టన్ హిల్స్, ట్రాయ్, కాంటన్... ఎక్కడ చూసినా మనవాళ్ళే. శనివారం నోవై వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్తే పార్కింగ్ నిండా క్యామ్రీలు, అకార్డులు. బుద్ధిమంతుల కార్లు. కానీ డెట్రాయిట్ దాకా వచ్చి మస్టాంగ్ కొనకపోతే, ఆదోని వచ్చి పత్తి చూడకుండా పోయినట్టే అని నాకొక ఫీలింగ్. 2023 సెప్టెంబరులో ఆ ఫీలింగ్ కి లొంగిపోయాను. 2018 మోడల్ మస్టాంగ్ జీటీ, పర్ఫార్మెన్స్ ప్యాకేజీ. 5 లీటర్ల వీ8 ఇంజను, 460 హార్స్ పవర్, తిరిగేవి వెనక చక్రాలు. మా నాయన ఇరవై ఏళ్ళు పత్తి బేళ్ళు తోలిన లారీకి ఇందులో మూడో వంతు బలం కూడా ఉండేది కాదు.

తాళాలు చేతికిస్తూ అమ్మినాయన ఒక మాట చెప్పాడు. "ఇవి సమ్మర్ టైర్లు, నవంబరు లోపల ఇంకో సెట్టు వేయించుకో" అని. నేను నవ్వి తలూపాను. లోపల మాత్రం "చూశావా, అప్పుడే నా జేబులోంచి ఇంకో వెయ్యి డాలర్లు లాగాలని చూస్తున్నాడు" అనుకున్నాను. ఎక్స్టెండెడ్ వారంటీ, పెయింట్ ప్రొటెక్షన్, కింద తుప్పు పట్టకుండా కోటింగు... అన్నిటికీ వరసగా వద్దు వద్దు అని చెప్పి గెలిచిన ఊపులో ఉన్నాను. ఆ వరసలో ఈ ఒక్క నిజం కూడా కొట్టుకుపోయింది. అమ్మేవాడు చెప్పే మాటని అనుమానించడం మనకి చిన్నప్పటి నుంచి వచ్చిన విద్య. ఒక్కోసారి ఆ విద్యే కొంప ముంచుతుంది.

కారుతో వచ్చిన పుస్తకంలో కూడా ఉంది. ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్ కి, అంటే ఇక్కడి లెక్కలో సుమారు 45 డిగ్రీల ఫారన్‌హీట్ కి పడిపోతే సమ్మర్ టైర్లు వాడొద్దని. ఆ పుస్తకం నేను తెరిచింది కారు జారిన తర్వాత. డాక్యుమెంటేషన్ చదవకుండా ప్రొడక్షన్ లోకి వెళ్ళడం మన వృత్తి ధర్మం కదా.

ఇక ఆ రోజు. నవంబరు, సోమవారం. మా పక్కింటివాళ్ళ అబ్బాయి ఆ ఆగస్టులోనే ఎమ్మెస్ కి వచ్చాడు. వాళ్ళది ఎమ్మిగనూరు, మగ్గం మీద బతికిన కుటుంబం, తర్వాత ఆదోని వచ్చి మా వీధిలో ఇల్లు తీసుకున్నారు. పిల్లోడి చదువుకి బ్యాంకు లోను. వాడు ఫ్లైటు ఎక్కేముందు వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసి, "ఆడ నువ్వుండావని ధైర్యంతో పంపిస్తాండా నాయనా" అంది. శని ఆదివారాలు మా ఇంట్లోనే ఉన్నాడు. సోమవారం పొద్దున వాణ్ణి కాలేజీ దగ్గర దింపి ఆఫీసుకి వెళ్ళాలని బయల్దేరాను.

ముందురోజు ఆదివారం మధ్యాహ్నం 60 డిగ్రీల ఫారన్‌హీట్, బ్రహ్మాండంగా ఉంది. అదే కార్లో, అదే పిల్లోణ్ణి ఎక్కించుకుని, ట్వెల్వ్ మైల్ రోడ్డు మీంచి ఎం-5 ఎక్కే అదే ర్యాంపు మీద గట్టిగా తొక్కాను. కారు పట్టాల మీద రైలు లాగా పోయింది. వాడు "అన్నా... సూపర్ న్నా" అన్నాడు. ఆ మాట కోసమే కదా మరి మనం కార్లు కొనేది!

సోమవారం పొద్దున 30 డిగ్రీలు. సెల్సియస్ లో సున్నాకి ఒక డిగ్రీ కింద. ఇంటి నుంచి ర్యాంపుకి ఐదు నిమిషాలు కూడా పట్టదు. డాష్ బోర్డులో టైరు ప్రెషర్ లైటు పసుప్పచ్చగా వెలిగింది. "చలికి అలాగే వెలుగుతుందిలే" అని పిల్లోడికి నేనే జ్ఞానం చెప్పాను. ర్యాంపు మలుపు తిరుగుతూ నిన్నటి చోటే, నిన్నటి స్పీడులోనే, నిన్నటిలాగే యాక్సిలరేటర్ తొక్కాను. కోడ్ లో ఒక్క లైను మారలేదు. ఇన్‌పుట్ అదే. అవుట్‌పుట్ మాత్రం వేరే వచ్చింది.

వెనక భాగం చిన్నగా పక్కకి జరిగింది. నేను స్టీరింగు తిప్పేలోపు ఇంకా జరిగింది. స్పోర్ట్ మోడ్ లో పెట్టి ఉంది కాబట్టి కంప్యూటర్ కూడా ఒక క్షణం ఆలస్యంగా మేలుకుంది. తర్వాత అద్దంలో నాకు రోడ్డు కనిపించలేదు, మేము వచ్చిన దారి కనిపించింది. కారు తిరగబడి, వెనక్కి జారుకుంటూ పోయి, ర్యాంపు లోపలి గడ్డిలో ఆగింది. మా పక్కనే పైన హైవే మీద ఒక పెద్ద ట్రెయిలర్ లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది. ఇంకో నాలుగు సెకన్లు ఆలస్యంగా, అంటే ర్యాంపు దాటి హైవే మీద కలిసే చోట జారి ఉంటే... ఆ వాక్యం నేను ఇప్పటికీ మనసులో పూర్తి చెయ్యను.

ఇద్దరికీ ఏమీ కాలేదు. ముందు బంపరు కింది పెదవి విరిగింది, ఒక రిమ్ముకి గీత పడింది. వెనకాల వస్తున్న పికప్ ట్రక్కు ఆయన ఆగాడు. దిగి వచ్చి, మమ్మల్ని ఓసారి చూసి, బాగానే ఉన్నారని అర్థమయ్యాక వంగి టైర్లు చూశాడు. "సమ్మర్ టైర్లా?" అన్నాడు. నేను తలూపాను. ఆయన ఇంకేమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

పిల్లోడు చాలాసేపు మాట్లాడలేదు. కాలేజీ దగ్గర దిగుతూ, "అన్నా, ఇంట్లో చెప్పొద్దు న్నా, మా అమ్మ భయపడతాది" అన్నాడు. తప్పు చేసింది నేను. దాచమని అడుగుతోంది వాడు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఎందుకు జారింది?

రోడ్డు మన కంటికి నున్నగా కనిపిస్తుంది గానీ దగ్గరగా చూస్తే గరుకు. టైరు పట్టు అంటే, రబ్బరు మెత్తగా ఆ గరుకుల్లోకి ఒదిగి కూర్చోవడం. ఒక్కో టైరు నేలకి ఆనేది మన అరచేయంత జాగా. 460 హార్స్ పవర్ అయినా, ఖరీదైన బ్రేకులైనా, చివరికి నాలుగు అరచేతుల మీద ఆధారపడాల్సిందే. సమ్మర్ టైరులో రబ్బరు మిశ్రమాన్ని వెచ్చటి రోడ్డు కోసం తయారుచేస్తారు. వేడిలో కరిగి చెదిరిపోకుండా, వానలో కూడా గట్టిగా పట్టుకునేలా. ఆ పని అది అద్భుతంగా చేస్తుంది. కానీ చల్లబడేకొద్దీ ఆ రబ్బరులోని పొడుగాటి అణువుల కదలిక తగ్గుతుంది, మెత్తదనం పోయి గట్టిపడుతుంది. మా ఇంట్లో కొబ్బరినూనె లాగే అన్నమాట. నూనె పాడవలేదు, సీసా మారలేదు, చలి వచ్చిందంతే. ఒక తేడా ఏమిటంటే నూనె గడ్డకడితే కంటికి కనిపిస్తుంది, టైరు గట్టిపడితే కనిపించదు. నల్లగా, గుండ్రంగా, బటన్లతో నిన్నటిలాగే ఉంటుంది.

దీన్నే గ్లాస్ ట్రాన్సిషన్ అంటారని మెటీరియల్ సైన్స్ లో చదువుకున్నాను. పరీక్షలో రాశాను, మార్కులు కూడా వేశారు. కారు తొక్కేటప్పుడు మాత్రం గుర్తురాలేదు. 7 డిగ్రీలంటే ఆ గీత దాటగానే టైరు రాయి అయిపోతుందని కాదు. అక్కడి నుంచి పట్టు తగ్గుతూ పోతుంది. మరీ చలిలో, సుమారు మైనస్ 7 సెల్సియస్ కంటే కిందికి పోతే, కొన్ని రకాల సమ్మర్ టైర్ల రబ్బరు పగుళ్ళు కూడా ఇస్తుంది. ఆ చలిలో బండి కదపవద్దని తయారుచేసేవాళ్ళే హెచ్చరిస్తారు. దీనికి తోడు ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారన్‌హీట్ పడితే టైరులో గాలి సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. నేను "మామూలే" అని కొట్టిపారేసిన ఆ పసుప్పచ్చ లైటు నాకు చెప్పిన కబురు అదే. ముందురోజు మధ్యాహ్నానికీ ఆ పొద్దుటికీ తేడా 30 డిగ్రీలు. మూడు పీఎస్ఐ పోయింది. రోడ్డు, టైరు, గాలి, మూడూ ఒకేసారి మారాయి. మారనిది నా బుద్ధి ఒక్కటే.

చలికి రబ్బరు గట్టిపడటం ఎంత దూరం తీసుకుపోగలదో చరిత్రలో ఒక ఉదాహరణ ఉంది. 1986 జనవరి 28న ఛాలెంజర్ స్పేస్ షటిల్ పైకి లేచిన 73 సెకన్లకి ముక్కలైపోయింది. ఏడుగురు చనిపోయారు. కారణం, పక్కన ఉండే రాకెట్ బూస్టరు అతుకుల మధ్య పెట్టిన రబ్బరు రింగులు. ఆ రోజు పొద్దున ఫ్లోరిడాలో చలి ఎక్కువ, ప్రయోగం వేళకి 36 డిగ్రీల ఫారన్‌హీట్. అంతకు ముందు జరిగిన ప్రయోగాల్లో అతి చల్లటిది 53 డిగ్రీల దగ్గర జరిగింది. అంతకంటే చల్లగా ఉంటే పంపొద్దని బూస్టరు తయారుచేసిన కంపెనీ ఇంజనీర్లు ముందురోజు రాత్రి మొత్తుకున్నారు. పైవాళ్ళు వినలేదు. తర్వాత విచారణలో ఫైన్‌మన్ అనే భౌతికశాస్త్రవేత్త ఆ రబ్బరు ముక్కని బిగించి, గ్లాసుడు ఐసు నీళ్ళలో ముంచి, బయటికి తీసి అందరి ముందు చూపించాడు. బిగింపు వదిలినా రబ్బరు వెంటనే మామూలు ఆకారానికి రాలేదు. చలిలో సాగే గుణం పోయింది. అంతే సంగతి.

నా ర్యాంపుకీ ఛాలెంజర్ కీ పోలికా అని నవ్వుకోండి, ఫర్వాలేదు. కానీ లోపల ఉన్న తప్పు ఒకటే. "ఇన్నిసార్లు బాగానే పనిచేసింది కదా" అనే ధైర్యం. ఏ వస్తువైనా ఏ పరిస్థితుల్లో పరీక్షించారో ఆ పరిస్థితుల్లోనే దానికి గ్యారంటీ. మన సర్వర్ల విషయంలో ఇది మనకి కంఠతా వచ్చు. వెయ్యి మంది యూజర్లకి టెస్ట్ చేసిన సిస్టం మీద లక్ష మందిని వదిలితే మేనేజరు మీద కళ్ళెర్రజేస్తాం. అదే మనం 60 డిగ్రీల్లో టెస్ట్ చేసిన టైరుని 30 డిగ్రీల్లో తోలి, పక్క సీట్లో ఎవరో తల్లి కన్న బిడ్డని కూర్చోబెట్టుకుంటాం.

ఈ సంగతి ఫ్రెండ్స్ తో చెప్పినప్పుడల్లా నాకు వచ్చిన జవాబులు కొన్ని ఉన్నాయి.

ఒకటి, "మాది ఆల్ వీల్ డ్రైవ్ రా, మాకేం కాదు." నాలుగు చక్రాలూ తిరిగితే కారు బయల్దేరడం తేలికవుతుంది, నిజమే. ఆగడానికి మాత్రం ఏ కారుకైనా నాలుగు చక్రాలకీ బ్రేకులు ఉంటాయి కదా, అందులో మీ గొప్పేముంది? ఆగేటప్పుడూ, మలుపు తిరిగేటప్పుడూ పని చేసేది టైరే. పైగా తేలిగ్గా బయల్దేరిన కారు, రోడ్డు బాగానే ఉందని అబద్ధం కూడా చెప్తుంది.

రెండు, "స్టెబిలిటీ కంట్రోల్ ఉంది కదా." ఉంది. అమెరికాలో 2012 మోడల్ నుంచి అన్ని కార్లకీ తప్పనిసరి చేశారు. ఎన్నో ప్రాణాలు కాపాడిన సంగతే. కానీ అది చేసేది, ఏ చక్రానికి ఎంత బ్రేకు వెయ్యాలో, ఇంజను ఎంత తగ్గించాలో లెక్క చెయ్యడం. టైరు దగ్గర ఉన్న పట్టుని అది పంచగలదు, లేని పట్టుని పుట్టించలేదు. ఖాళీ అకౌంటుకి ఎంత మంచి బ్యాంకింగ్ యాప్ పెట్టుకున్నా ఏం లాభం?

మూడు, "మేము డాలస్ లో ఉంటాం, మాకు చలేంటి?" 2021 ఫిబ్రవరి 11న ఆ పక్కనే ఫోర్ట్ వర్త్ లో ఐ-35 వెస్ట్ మీద గడ్డకట్టిన రోడ్డుపై 130కి పైగా బళ్ళు ఒకదానికొకటి గుద్దుకుని ఆరుగురు పోయారు. అది ఐసు కేసు, ఐసు మీద ఏ మామూలు టైరైనా జారేదే, ఒప్పుకుంటాను. నేను చెప్పేదల్లా, చలి మన అడ్రసు చూసుకుని రాదు. కాలిఫోర్నియాలో ఉండేవాళ్ళు కూడా టాహో వెళ్ళాలంటే కొండ ఎక్కాలి కదా.

నాలుగోది అన్నిటికంటే ఎక్కువగా విన్నది. "నాలుగు నెలల చలి కోసం ఇంకో సెట్టు టైర్లా? దండగ." ఈ లెక్క చేసి చూశాను. రిమ్ములతో సహా రెండో సెట్టుకి నాకు 1,400 డాలర్లు అయింది. ఒక సెట్టు తిరుగుతున్నంతకాలం రెండో సెట్టు గరాజీలో పడుకుంటుంది కాబట్టి రెండూ ఎక్కువ కాలం వస్తాయి. అంటే అది ఖర్చు కూడా కాదు, ముందుగా కట్టిన అడ్వాన్సు. ఆ బంపరూ రిమ్మూ బాగు చేయించడానికి నాకు అంతకంటే ఎక్కువే వదిలింది. సన్ రూఫ్ కి, లెదర్ సీట్లకి, మ్యూజిక్ సిస్టం కి అడగ్గానే డబ్బులిచ్చే మనం, నేలకి ఆనే ఒక్క భాగం దగ్గరికి వచ్చేసరికి లెక్కలు తీస్తాం.

చలి దేశాల్లో ఇదేమీ కొత్త విద్య కాదు. ఫిన్లాండు వాళ్ళు 1934లోనే చలికాలం టైరు తయారుచేశారు. అది మొదట చేసింది లారీల కోసం! కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు లేకుండా కారు తియ్యకూడదని చట్టమే ఉంది. మా డెట్రాయిట్ నది దాటితే ఒంటారియో. అక్కడ చట్టం లేదు గానీ, వింటర్ టైర్లు వేసుకుంటే ఇన్సూరెన్సు కంపెనీలు డిస్కౌంటు ఇచ్చి తీరాలని 2016 నుంచి రూలు. నదికి ఇవతల మిచిగన్ లో అదీ లేదు, ఇదీ లేదు. మీ ఇష్టం అని వదిలేశారు. మీ ఇష్టం అన్నారంటే బాధ్యత మీదే అని అర్థం. నేను "ఇష్టం" దగ్గరే ఆగిపోయాను.

సమ్మర్ టైర్లు చెడ్డవని మాత్రం అనుకోకండి. వెచ్చటి రోడ్డు మీద, వానలో కూడా, బ్రేకు వేస్తే వాటంత బాగా ఆపేవి దొరకవు. వింటర్ టైర్లని మే నెలలో తిప్పితే అవీ మెత్తగా వేలాడుతూ, తొందరగా అరిగిపోతాయి. మధ్యలో ఆల్ సీజన్ అని ఉన్నాయి, మామూలు కార్లకి చాలావరకు వచ్చేవి అవే. దేనికి కాలం దానిది. ఎండాకాలం ఉన్ని స్వెట్టరు వేసుకోం, చలికాలం పంచె ఒక్కటి కట్టుకుని రోడ్డు మీదకి పోము. అంతే తర్కం.

మనకి ఈ తర్కం ఎందుకు తట్టదంటే, మన దగ్గర టైరుకి కాలం అనే మాటే లేదు. ఆదోనిలో టైరు షాపుకి వెళ్ళి ఏ కాలం టైరు కావాలో చెప్తే నెత్తి మీద నీళ్ళు చల్లి పంపిస్తారు. అక్కడ అడిగేది రెండే ప్రశ్నలు. కొత్తదా, రీట్రేడింగా? ఎంతకిస్తావు? ఆ తెలియకపోవడం మన తప్పు కాదు. ఇక్కడికి వచ్చి రెండు మూడేళ్ళయ్యాక కూడా తెలుసుకోకపోవడం, తెలిశాక చెప్పకపోవడం మాత్రం తప్పే.

ఆగస్టులో కొత్తగా దిగిన పిల్లలకి మనం ఎన్ని చెప్తాం! ఏ బ్యాంకులో అకౌంటు తియ్యాలి, క్రెడిట్ కార్డు ఎలా వాడాలి, సోనామసూరి ఎక్కడ చవక, ఏ ప్రొఫెసరు దగ్గర మార్కులు తేలిక. నలుగురు కలిసి మూడు వేల డాలర్లకి పాత కారు కొనుక్కుంటుంటే ఇంజను చూస్తాం, ఏసీ చూస్తాం, మైలేజీ చూస్తాం. వంగి టైరు చూసేవాడు ఒక్కడూ ఉండడు. ఆ పాత కార్ల టైర్లు నా సమ్మర్ టైర్ల కంటే ఘోరం. ఏ కాలానివైనా సరే, పదేళ్ళ నాటి రబ్బరు, బటన్లు అరిగి నున్నగా... వాళ్ళ దగ్గర రెండో సెట్టుకి డబ్బులుండవు, తెలుసు. కనీసం చూడటానికి డబ్బులక్కర్లేదు కదా.

ఎలా చూడాలో చెప్తాను. టైరు పక్క గోడ మీద అక్షరాలుంటాయి. మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు బొమ్మ ఉంటే అది చలికి పరీక్షించిన టైరు. "ఎం ప్లస్ ఎస్" అని మాత్రమే ఉంటే ఆల్ సీజన్, ఒక మోస్తరు. రెండూ లేకపోతే దాదాపుగా అది సమ్మర్ టైరే, పొద్దున పూట సింగిల్ డిజిట్ సెల్సియస్ వచ్చేలోపు మార్చెయ్యండి, అప్పటిదాకా మెల్లగా పోండి. "డాట్" అని మొదలయ్యే నంబరు చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. గాలి పొద్దున్నే, కారు కదపకముందు చూసుకోవాలి. ఇదంతా ఐదు నిమిషాల పని.

చివరగా మా నాయన మాట. ఈ సంగతి నేను ఇంట్లో ఆరు నెలలు చెప్పలేదు. 2024 మే నెలలో ఆదోని వెళ్ళినప్పుడు, రాత్రి అన్నాలయ్యాక అరుగు మీద కూర్చున్నప్పుడు బయటపెట్టాను. మా నాయన సంగతి మీకు చెప్పాలి. తెల్లారుజామున మార్కెట్ యార్డు దగ్గర లారీ తీసేముందు, ఒక ఇనుప రాడ్డు పట్టుకుని చుట్టూ తిరిగి ఒక్కో టైరునీ కొట్టి శబ్దం వినేవాడు. శబ్దం బట్టి గాలి ఎంతుందో చెప్పేవాడు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం లోడుతో తోలేవాడు కాదు. చెట్టు కింద ఆపి, టైరు మీద చెయ్యి పెట్టి చూసి, అది చల్లబడ్డాకే కదిలించేవాడు. చదివింది ఐదో తరగతి.

నేను గ్లాస్ ట్రాన్సిషన్ దగ్గర నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. ఆయన అంతా విన్నాడు. కోప్పడతాడేమో అనుకున్నాను. కాసేపాగి, "ఈడ ఎండకు టైరు పేలుతాది, ఆడ చలికి గట్టిపడతాది. యాడైనా టైరే గదా నాయనా. సూసుకోకుండా బండి ఎట్ల తీస్తివి?" అన్నాడు. తర్వాత ఇంకో మాట. "పక్కన ఆ పిల్లోణ్ణి ఎక్కించుకొని."

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

మర్నాడు పొద్దున్నే ఆ పిల్లోడి ఇంటికి వెళ్ళి వాళ్ళమ్మకి నేనే చెప్పాను. ఆమె ముందు బెదిరింది, తర్వాత కాఫీ ఇచ్చింది. వాడికి ఫోన్ చేసి చెప్తే "ఎందుకు చెప్పినావన్నా" అని మూడు రోజులు మాట్లాడలేదు :) ఇప్పుడు వాడే ఒక పాత కరోలా కొనుక్కున్నాడు. కొనేముందు నాకు నాలుగు ఫోటోలు పంపాడు. నాలుగూ టైర్లవే.

నా మస్టాంగ్ ఇంకా ఉంది. అక్టోబరు చివర్లో టైర్లు మారుస్తాను, ఏప్రిల్ లో మళ్ళీ మారుస్తాను. ఈ మధ్య కారు తీసేముందు నాకు తెలియకుండానే చుట్టూ ఓ రౌండు తిరుగుతున్నాను. రాడ్డు ఒక్కటే తక్కువ. పక్కింటి అమెరికా ముసలాయన కిటికీలోంచి విచిత్రంగా చూస్తుంటాడు. చూడనీ.

మీరు చలి ఊళ్ళో ఉంటే ఈ శనివారం గుడికో, గ్రోసరీకో వెళ్ళేముందు కిందకి వంగి టైరు పక్కన ఏం రాసుందో ఓసారి చదవండి. మీ ఇంట్లో కొత్తగా వచ్చిన పిల్లలెవరైనా ఉంటే వాళ్ళని కూడా పిలిచి చూపించండి. మనవాళ్ళల్లో ఎవరో ఒకరు వాళ్ళకి చెప్తారులే అనుకోకండి. నేనూ అలాగే అనుకున్నాను. ఆ ఎవరో ఒకరు నేనే అయ్యుండాల్సింది.

ఉంటా మరి.